'దసలి' శబ్ద విచారము

భద్రాచలమునుండి చింతూరు వైపు సాగు అడవులలో (చింతూరు 2014 వరకు ఖమ్మము జిల్లాలోనిది) నల్లమద్ది, తెల్లమద్ది ఆకులు మేయు పురుగునుండి తీయు పట్టును 'దసలి' యందురు. రంగు వేయకయే తేనెవన్నె మెఱుగు దీనికి సహజము. ఈ పదము దేశ్యమా, తద్భవమా?

గూళ్లు సేకరించువారు గిరిజనులగుటచే దేశ్యమని తోచును. కాని వస్తువు అడవిదైనంత మాత్రమున పేరును అడవిదే కానక్కఱలేదు. హిందీలో దీనిని తసర్ అందురు. 'తసర' శబ్దము ఋగ్వేద దశమ మండలముననే నాడె యను అర్థమున కలదు. ఉణాదులలో విస్తారార్థకమగు 'తన్' ధాతువునుండి సాధింపబడినది.

నాడె పేరు పట్టుకెట్లు వచ్చెను? నేతపనిముట్టు గనుక ననుట చాలదు. అట్లయిన నూలుబట్టకును ఆ పేరే రావలసియుండెను. తసరమునకు 'సూత్రవేష్టనము' అని అర్థము చెప్పుదురు. కొమ్మకు కాడతో వ్రేలాడు దసలిగూటిని చూచినవారికి ఇది వెంటనే స్ఫురించును: పురుగు తనచుట్టు తానే దారము చుట్టుకొన్న నాడె అది.

'కౌశేయ' శబ్దమందును ఇట్టి చిక్కే కలదు. కోశమున పుట్టినదను అర్థమున పాణిని దానిని చెప్పగా, వస్త్రము గూటిలో పుట్టదు గదా యని వార్తికకారుడు వికారార్థమును కోరెను. కాశికావృత్తి రూఢి యని సరిపెట్టినది.

ఇక రూపము. ర-లలకు అభేదము శాస్త్రసమ్మతమే. తకారము దకారమగుట సంధిలో గసడదవాదేశముచే పరిపాటి. పదాదిని అది స్థిరపడుట మాత్రము అరుదు. ఈ వాదమున బలహీనమైన మెట్టు ఇదియే.