అడవిపందుల రాకను తెలుపు చౌక సెన్సారు

అనంతపురము మెట్టభూములలో సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే కురియును. ఆ కొద్ది తేమతో పండిన వేరుసెనగ అడవిపందుల పాలైనచో రైతుకు మిగులునది అప్పే. విత్తిన రాత్రులలో పందులు సాళ్లను పెల్లగించి గింజలు తినును. కాయ ఊరినప్పుడు చెట్లనే త్రవ్వివేయును. కృష్ణజింకలు లేత పైరును మేయును.

ఈ బాధ పడలేక కొందరు చేని చుట్టు కరెంటు తీగ కట్టుచున్నారు. ఇది నేరము, ప్రాణాంతకము. చీకటిలో ఆ తీగకు పందియే తగులునను నమ్మకము లేదు. నీరు కట్టబోయిన రైతు, కట్టు తెంచుకొన్న ఎద్దు, ఎలుగుబంటి కూడ దానికి బలియగుట కలదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము కృష్ణజింకను, ఎలుగుబంటిని మొదటి షెడ్యూలులో చేర్చినది. కావున చంపక తోలు ఉపాయమునే ఎంచుకొనవలెను.

పనిచేయు తీరు

జంతువుల శరీరమునుండి కంటికి కనబడని పరారుణ కిరణములు వెలువడుచుండును. జంతువు కదలినపుడు కలుగు వేడిలోని మార్పును పి.ఐ.ఆర్. సెన్సారు పసిగట్టి బోర్డుకు సంకేతమిచ్చును. బోర్డు వెంటనే దీపమును వెలిగించి, బూరను మ్రోగించును. ఇందుకు ఆర్డ్యునో బోర్డు చాలును. 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణమున విద్యార్థుల కొరకు పుట్టిన ఈ బోర్డు నమూనా అందరికిని బాహాటము. ఎవరైనను తయారుచేయవచ్చును, మార్చుకొనవచ్చును. అందుచేతనే వెల తగ్గినది. ఈ పద్ధతినే సౌతాంప్టన్, ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయముల పరిశోధకులు వన్యప్రాణుల ధ్వనులను నమోదుచేయు ఆడియోమాత్ అను చిన్న పరికరమును రూపొందించిరి.

అమర్చు విధము

1. ముందుగా అడుగుజాడలు చూచి, పందులు వచ్చు దారులు గుర్తింపవలెను. చిన్న సెన్సారు సుమారు 6 మీటర్లే చూడగలదు. చదరపు ఎకరము చుట్టుకొలత సుమారు 254 మీటర్లు. గట్టంతయు కాయుటకు 40కి పైగా సెన్సార్లు కావలెను. దారులవద్ద పెట్టినచో కొన్నిటితో సరిపోవును.

2. సెన్సారును నేలకు ఒకటిన్నర అడుగుల ఎత్తున, జంతువు దానికి అడ్డముగా నడచునట్లు బిగింపవలెను.

3. స్ప్రేయరు యొక్క 12 వోల్టుల బ్యాటరీ బోర్డుకు చాలును. సెన్సారుకు బోర్డునుండి 5 వోల్టులు ఇవ్వవలెను. బూరను నేరుగా బోర్డుకు కలుపక, రిలే ద్వారా కలుపవలెను.

4. వాన తగులకుండ పైన కప్పు వేయవలెను. సెన్సారు ముందు గాజు అద్దము పెట్టరాదు. ఆ కిరణములు దాని గుండా రావు.

జాగ్రత్తలు

ఎండకాలపు సాయంకాలము నేల, బండలు జంతువు శరీరమంత వేడిగా నున్నచో సెన్సారు దానిని గుర్తింపజాలదు. ఖరీఫు రాత్రులలో ఆ చిక్కు తక్కువ. గాలికి ఊగు కొమ్మలు వట్టి కేకలు పుట్టించును, వాటిని నరికివేయవలెను. ఒకే శబ్దము ప్రతిరాత్రి వినినచో పందులు దానికి అలవాటు పడును. కావున శబ్దమును, స్థలమును వారమునకొకమారు మార్చవలెను. బూర మ్రోగినపుడు మంచెమీది మనిషి కూడ కేక వేయవలెను.

ఒక్క చేనినుండి తోలిన పంది ప్రక్క చేనిలో పడును. ఇరుగు పొరుగు రైతులు కలిసి అమర్చుకొన్నచో ఖర్చు పంచుకొనవచ్చును, కావలియు గట్టిపడును.