ప్రాగ్ నగరములోని పెచెక్ భవనము

విద్యార్థులారా! కోటలును దేవాలయములును చరిత్రను తెలుపునని మీరు చదివియున్నారు. ఒక కుటుంబము తాను నివసించుటకై కట్టుకొనిన ఇల్లు సైతము చరిత్రను తెలుపగలదు. అట్టి యింటిని గూర్చి ఈ పాఠమున తెలిసికొందము.

చెక్ దేశమునకు ప్రాగ్ రాజధాని. అందు బుబెనెచ్ అను పేటలో, తోటల నడుమ నున్న మేడలలో, పెక్కు దేశముల రాయబార కార్యాలయములు కలవు. అచ్చటి మేడలలో పెచెక్ భవనము మిక్కిలి ప్రసిద్ధమైనది. బొగ్గు గనుల వలనను, బ్యాంకుల వలనను ధనవంతుడైన ఓట్టో పెచెక్ 1920వ దశకమున దీనిని కట్టించెను. వాస్తుశిల్పి మాక్స్ స్పీల్‌మన్. తోట వైపు గోడ విల్లువలె వంగియుండును. లోపల నూరింటికి మించిన గదులును, ఈతకొలనును గలవు.

పెచెక్ కుటుంబమువారు యూదులు. వారి యింటి భాష జర్మను. నగరమున అధికసంఖ్యాకుల భాష చెక్. కావున మనవలెనే వారును అల్పసంఖ్యాక భాషీయులు.

ఓట్టో తన మేడలో చిరకాలము సుఖింపలేదు, 1934లో మరణించెను. జర్మనీలో హిట్లరు ప్రభుత్వము యూదులను హింసించుచుండగా, ఆ యాపద సమీపించుట గాంచి, కుటుంబమువారు 1938లో దేశమును విడిచిరి. 1939 మార్చిలో జర్మను సేనలు ప్రాగ్‌ను ఆక్రమించెను. పిమ్మట జర్మను సేనాని రుడాల్ఫ్ టూసాన్ ఆ మేడలో కాపురముండెను. ఇచ్చట ఒక విషయము గమనింపదగినది. ఇల్లు విడిచినవారి భాషయు, దానిని ఆక్రమించినవారి భాషయు ఒక్కటే. మనుష్యుని మనుష్యునిగా చూడని చోట భాషైక్యము రక్షింపజాలదు.

యుద్ధము 1945లో ముగిసెను. 1948లో అమెరికా ప్రభుత్వము ఆ భవనమును కొని, తన రాయబారికి నివాసముగా నుంచుకొనెను. 2011లో రాయబారిగా వచ్చిన నార్మన్ ఐసెన్ అచ్చటి బల్ల యొక్క అడుగుభాగమును చూచెను. అందు జర్మను సేనల కాలపు స్వస్తిక ముద్రగల సామాను చీటియు, అమెరికా వారి చీటియు నుండెను. ఐసెన్ తల్లి చెకొస్లొవేకియాలో జన్మించిన యూదు స్త్రీ; ఆష్‌విట్జ్ నిర్బంధ శిబిరము నుండి ప్రాణములతో బయటపడినది. ఆమెను వెడలగొట్టినవారి ముద్రగల బల్ల యొద్దనే ఆమె కుమారుడు రాయబారియై కూర్చుండెను!

మన యూరిలోను పాత యిండ్లు కలవు. పెద్దలతో కూడ వెళ్లి, ద్వారబంధములపై ఏ లిపిలో ఎవరి పేరున్నదో చూడుడు. కట్టినవారెవరో, ఇప్పుడెక్కడ నున్నారో అడిగి వ్రాసికొనుడు.

ప్రశ్నలు

1. పెచెక్ కుటుంబము మేడను ఏల విడిచెను?

2. బల్ల క్రింది చీటీలు మనకేమి తెలుపుచున్నవి?