బండి వెల – బండి మేత

సంతలో ఎడ్లజతను కొనునపుడు మన రైతు పండ్లు చూచును, సుడులు చూచును, నడక చూచును. అటుపిమ్మట మేత యెంత తినునని తప్పక యడుగును. వెల యొకసారి యిచ్చునది, మేత నిత్యము పెట్టవలసినది యని యతనికి బాగుగా తెలియును. అట్టి రైతే మోటారు బండి కొనుటకు నరసరావుపేటకో చిలకలూరిపేటకో పోయినపుడు వెల నొక్కదానినే యడిగి, రాయితీ యెంతయని విచారించి, బేరము ముగించుచున్నాడు. ఇప్పుడు పెట్రోలు బండ్లతోపాటు విద్యుత్ బండ్లును మన నాదెండ్ల త్రోవలలో తిరుగుచున్నవి. వీనిలో నేది యెవరికి తగునో లెక్క తేల్చుకొను విధమును సభ్యులకు ఈ పాఠమున వివరించెదము.

1. మేత లెక్క

లెక్కకై లీటరు పెట్రోలు 110 రూపాయలనియు, మోటారు సైకిలు లీటరునకు 50 కిలోమీటర్లు నడచుననియు అనుకొందము. కిలోమీటరునకు 2 రూపాయల 20 పైసలగును. 3 యూనిట్ల బ్యాటరీ గల విద్యుత్ స్కూటరు నిండుగా ఛార్జి యగుటకు, నడుమ పోవు నష్టముతో గూడ 3½ యూనిట్లు పట్టుననియు, దానితో 85 కిలోమీటర్లు నడచుననియు అనుకొందము. యూనిట్ 6 రూపాయల చొప్పున 21 రూపాయలు. అనగా కిలోమీటరునకు సుమారు 25 పైసలు. ఆదా కిలోమీటరునకు 1 రూపాయి 95 పైసలు.

విద్యుత్ బండి వెల 30,000 రూపాయలు ఎక్కువయనియు, ఆ సొమ్ము నూటికి 12 రూపాయల వడ్డీకి తెచ్చినదనియు అనుకొందము. దినమునకు 30 కిలోమీటర్ల చొప్పున ఏట 300 దినములు తిరుగువానికి 17,550 రూపాయలు మిగులును. రెండేండ్లలో అసలును వడ్డీయు దాదాపుగా తీరిపోవును. ఇంటినుండి చేనికి, చేనినుండి ఇంటికి 5 కిలోమీటర్లు మాత్రమే తిరుగువానికి ఏట మిగులునది 2,925 రూపాయలు. వడ్డీయే 3,600 రూపాయలు! అట్టివానికి ఆ యప్పు ఎన్నటికిని తీరదు. బండి యొకటే, ధర యొకటే. ఒకరికి లాభము, ఒకరికి గుదిబండ. భేద మెక్కడనున్నది? తిరుగుడులో నున్నది.

2. మైలేజి మాయ

అంగడిలో చెప్పు మైలేజి వలన మరియొక భ్రమ కలుగును. లీటరునకు 50 కిలోమీటర్ల మోటారు సైకిలును విడిచి 60 కిలోమీటర్ల దానిని కొన్నచో పది పెరిగినవని సంతోషింతుము. 15 కిలోమీటర్లు నడచు సరకుల ఆటోకు బదులు 20 నడచునది కొన్నచో అయిదే గదా యనుకొందుము. కాని 100 కిలోమీటర్లకు లీటర్లెన్ని కాలునో చూడవలెను. మోటారు సైకిలునకు 2 లీటర్ల నుండి 1⅔ లీటర్లకు తగ్గును. ఆదా లీటరులో మూడవ వంతు. ఆటోకు 6⅔ నుండి 5 లీటర్లకు తగ్గును. ఆదా 1⅔ లీటర్లు, అనగా అయిదు రెట్లు. చదువుకొన్నవారు సైతము ఈ లెక్కలో పొరబడుదురని 2008లో అమెరికాలో లారిక్, సోల్ అను పండితులు పరీక్షించి చూపిరి. కావున ఇంటిలో రెండు బండ్లున్నచో, మిక్కిలి తినుచు మిక్కిలి తిరుగు బండిని ముందుగా మార్చుట యుక్తము.

3. ప్రభుత్వముల పద్ధతులు

కొనువాని మనస్సును త్రిప్పుటకు ప్రభుత్వములు రెండు త్రోవలు తొక్కుచున్నవి: ఒకటి మంచి బండికి వెల తగ్గించుట, రెండవది పొగబండికి పన్ను పెంచుట. ఫ్రాన్సు దేశము 2008లో రెంటిని జోడించి, ఎక్కువ పొగ విడుచు కారుపై పన్ను వేసి, తక్కువ పొగ విడుచు దానికి బహుమాన మిచ్చెను. నార్వేలో పెట్రోలు కార్లపై భారమైన పన్నులుండగా విద్యుత్ కార్లకు దీర్ఘకాలము మినహాయింపు లొసగిరి. 2024లో అచ్చట అమ్ముడైన క్రొత్త కార్లలో పదింట దాదాపు తొమ్మిది విద్యుత్ కార్లే.

మన దేశమున 2015లో ఫేమ్ పథకము మొదలయ్యెను. దాని రెండవ దశలో, 2021 జూన్ నుండి, రెండు చక్రముల బండికి బ్యాటరీలోని ప్రతి యూనిట్‌కు 15,000 రూపాయలు, వెలలో నూటికి 40 వంతులకు మించకుండ రాయితీ దొరకెను. 2023 జూన్ 1న అది 10,000కును, 15 వంతులకును తగ్గెను. తగ్గునని విని జనులు మే నెలలోనే ఎగబడిరి. ఆ నెల లక్షకు పైగా విద్యుత్ బండ్లు నమోదయ్యెను, జూన్‌లో అందు సగమైనను కాలేదు. 2024 ఏప్రిల్ నుండి బండికి 10,000 రూపాయలకు మించలేదు. 2024 అక్టోబరులో వచ్చిన పి.ఎం. ఈ-డ్రైవ్ పథకమున 2025-26 సంవత్సరమునకు 5,000 రూపాయలే పరిమితి. పన్నుల సంగతియు నిట్టిదే. విద్యుత్ బండిపై జి.ఎస్.టి. 2019 ఆగస్టులో 12 నుండి 5 వంతులకు తగ్గినది; 350 సి.సి.కి లోపు పెట్రోలు బండ్లపై 2025 సెప్టెంబరు 22న 28 నుండి 18కి తగ్గినది.

దీనివలన మనము నేర్వవలసిన దేమనగా, రాయితీ వానకాలపు వాగువంటిది, వచ్చును, పోవును. నిత్యము పారునది మన తిరుగుడు వలన కలుగు ఆదాయే. రాయితీ పోవుచున్నదన్న తొందరలో కొనరాదు. తగ్గినదన్న నిరాశతో, లెక్కకు నిలుచు బండిని మానరాదు.

4. కొనుటకు ముందు చూడదగినవి

బ్యాటరీకి ఎన్నియేండ్ల పూచీ కలదో వ్రాతమూలముగా తీసికొనవలెను. దానిని మార్చవలసివచ్చినచో నగు ఖర్చును పై లెక్కలో చేర్చవలెను. 2022 వేసవిలో కొన్ని బండ్లు అంటుకొనిన పిమ్మట బ్యాటరీ పరీక్షలను కఠినపరచి, 2022 డిసెంబరు, 2023 మార్చిలలో రెండు విడతలుగా అమలుపరచిరి. ఆ తరువాత తయారైన బండినే కోరవలెను. మన పల్నాటి యెండ బ్యాటరీకి శత్రువు. ఎండలో నడపి తెచ్చిన బండిని నీడలో చల్లార్చి గాని ఛార్జికి పెట్టరాదు. మిరపబస్తా వేసినచో, ఇరువురెక్కినచో, ఒక్క ఛార్జితో నడచు దూరము తగ్గును. మరమ్మతు చేయువా డెంత దూరమున నున్నాడో విచారింపవలెను. పంపుసెట్టుకిచ్చిన ఉచిత విద్యుత్తును బండికి వాడరాదు. ఇంటి మీటరునుండియే ఛార్జి చేయవలెను. వాడుక పెరిగినచో ఇంటి విద్యుత్తు పై శ్రేణి ధరకు పోవచ్చును గనుక, తన బిల్లులోని ధరతోనే లెక్క చూచుకొనవలెను.

సభ్యులకు మా మనవి యిది. ఒక నెలదినములు పాటు ప్రతిరాత్రి బండి తిరిగిన కిలోమీటర్లను, పోసిన పెట్రోలును ఒక పుస్తకమున వ్రాసికొనుడు. ఆ నెల సంఖ్యలను పన్నెండింట గుణించి, మేము చూపిన విధమున ఆదా కట్టి, ఎక్కువ వెలకగు వడ్డీతో పోల్చుడు. ఆదా వడ్డీని మించి, మూడు నాలుగేండ్లలో అసలును గూడ తీర్చగలిగినచో కొనుడు. లేనిచో ఉన్న బండికి చక్రములలో గాలి సరిగా పట్టించి, ఇంజను శుభ్రపరచి, మరికొంతకాలము నడుపుకొనుడు. అప్పుకొరకు సంఘమునకు వచ్చునపుడు ఈ పుస్తకమును వెంట తెచ్చినచో, ఇచ్చువారికిని పుచ్చుకొనువారికిని మేలగును.