రాతి అడుగు గల నదిలో గాలము ఈడ్చు విధము

కృష్ణ, తుంగభద్ర నదులలో పలుచోట్ల అడుగు ఇసుక కాక బండయై యుండును. అచట వల వేసిన చినుగును. అయినను వాలుగ, జెల్ల మొదలగు చేపలు బండల చాటుననే నిలుచును. పెద్ద బండకు దిగువ ప్రక్క నీటి వేగము తగ్గును. చిన్న చేపలు అచట చేరును. వానిని తినుటకు పెద్దవి వచ్చును. ఇట్టి తావులలో పుట్టి లేక చిన్న పడవ వెనుక ఎర గ్రుచ్చిన గాలమును మెల్లగా ఈడ్చుట మంచి పద్ధతి. కాని గాలము బండలో చిక్కినచో దారము పోవుటయే గాక పడవకును ప్రమాదము. కావున ఈ క్రింది విషయములను గమనింపుడు.

1. లోతు: బారకొక ముడి వేసిన దారమునకు బరువు కట్టి దించి, ముందుగా లోతు చూచుకొనవలెను. బండ తగిలినచో చేతికి గట్టిగా తెలియును; ఇసుక అయినచో మెత్తగా నుండును.

2. బరువు: బరువును గాలపు దారమునకే కట్టరాదు. అంతకంటె సన్నని దారముతో గాలమునకు మూరెడు క్రిందుగా వ్రేలాడదీయవలెను. బండలో ముందు చిక్కునది బరువే. లాగినపుడు సన్నదారము తెగి అది మాత్రమే పోవును. సీసమునకు బదులు పాత ఇనుపముక్క వాడినచో ఖర్చు తక్కువ. నీటిలో సీసము చేరదు.

3. దిశ: ఇది అన్నిటికంటె ముఖ్యము. నీరు నెమ్మదిగా నున్న అంచు వెంబడి ఎగువకే పోవలెను. అప్పుడు గాలము చిక్కినను తెడ్డు ఆపినచో ప్రవాహమే పడవను వెనుకకు తెచ్చును. చిక్కిన తావును దాటి దిగువనుండి లాగిన గాలము తరచుగా ఊడివచ్చును. దిగువకు పోవునపుడు చిక్కినచో, బిగిసిన దారము పడవను అడ్డము త్రిప్పి నీరు నింపవచ్చును.

4. మలుపు: పడవను విశాలముగా త్రిప్పవలెను. గిరుక్కున త్రిప్పినచో దారము వదులై గాలము అడుగునకు దిగును.

5. జాగ్రత్త: దారమును చేతికి గాని నడుమునకు గాని చుట్టుకొనరాదు. కత్తి అందుబాటులో నుండవలెను. ఒకరు తెడ్డు వేయుచుండగా మరొకరు దారము పట్టవలెను. ఇరువురును లైఫ్ జాకెట్టు ధరింపవలెను. నూలుదారము నీటిలో కుళ్ళిపోవును. నైలాను దారము చాలకాలము నిలిచి చేపలను, పక్షులను చిక్కించును. కావున తెగిన దారమును వీలైనంత వరకు ఏరి ఒడ్డుకు చేర్చుడు.

వానకాలపు తొలి వరదలలో చేపలు గ్రుడ్లు పెట్టుటకు ఎదురెక్కును. ఆ రోజులలో గాలము మానుట మీకే లాభము. మందుగుండు ప్రేల్చియు, విషము కలిపియు చేపలు పట్టుట 1897 నాటి భారత మత్స్య చట్టము ప్రకారము నేరము.

ఆనకట్టల దిగువన, వాన లేకున్నను, విద్యుదుత్పత్తికి నీరు వదలినపుడు నది హఠాత్తుగా పెరుగును. నీరు వదలు సమాచారము అందిన వెంటనే గ్రామాధికారులు ఒడ్డు గ్రామములలో దండోరా వేయింపవలెను. దండోరా విన్న తరువాత ఎంత పెద్ద చేప గాలమున ఉన్నను దారము కోసి ఒడ్డు చేరుడు.