అలలపై వ్రాతపత్రిక

1867 అక్టోబరులో ఇంగ్లండు వీడిన ‘హౌగోమాంట్’, ఆస్ట్రేలియాకు ఖైదీలను చేర్చిన చివరి ఓడ. అందులో బ్రిటిషు పాలనను ఎదిరించిన 62 మంది ఐరిష్ ఫీనియన్లుండిరి. వారిలో అశ్వదళ సైనికుడగు జాన్ బాయిల్ ఓరైలీకి మరణశిక్ష తగ్గించి 20 ఏండ్ల కఠినశిక్ష విధించిరి.

దారిలో వారు ‘వైల్డ్ గూస్’ అను పత్రికను చేతితో వ్రాసిరి. వెలువడినవి 7 సంచికలు. ఒక్కొక్కదానికి ఒకే ప్రతి. ఒకరు చదువగా తక్కినవారు వినెడివారు. కాగితము, ముద్రణాలయము, సెలవుదినములు అన్నియు గలిగియు వ్యాసము వ్రాయ తీరిక లేదను మేము ఇది తెలిసి కొంత సిగ్గుపడితిమి.

1869లో ఓరైలీ అమెరికా తిమింగిలవేట ఓడ నెక్కి తప్పించుకొనెను; పిమ్మట బోస్టనులో ‘పైలట్’ పత్రికా సంపాదకుడయ్యెను. తోటివారిని మరువలేదు. 1876లో ‘కటాల్పా’ అను ఓడ ఆరుగురు ఫీనియన్లను ఫ్రీమాంటిల్ చెర నుండి తప్పించిన సాహసమునకు ఆయన సలహా తోడ్పడెను. హౌగోమాంట్‌పై వ్రాసిన ఆ 7 సంచికలు సిడ్నీ గ్రంథాలయమున నేటికిని భద్రముగా నున్నవి.