పగలు ఓరవాకిలి, రాత్రి గడియ

అమ్మాయిలూ, మొన్న మా ఆడపడుచు ఆటోలో కూర్చుని కూతురికి మెసేజి పెడుతుంటే, బండి మీద వచ్చిన ఇద్దరు చేతిలో ఫోను లాక్కుపోయారు. దానికి లాకుంది, వేలిముద్రా ఉంది. ఏం లాభం? లాక్కున్న క్షణంలో ఫోను తెరిచే ఉంది కదా! ఫొటోలు, మెయిలు, బ్యాంకు మెసేజిలు అన్నీ వాళ్ల చేతికి చిక్కాయి. ఆ రాత్రి తను అన్నం ముట్టలేదు.

మన అమ్మలు ఇంటికి ఎప్పుడూ ఒకేలా తలుపు వేశారా? పగలు ఓరగా వేసేవాళ్లు, చీకటిపడితే గడియ పెట్టేవాళ్లు, ఊరెళ్తే తాళం వేసి పక్కింటి పిన్నిని ఓ కన్నేసి ఉంచమనేవాళ్లు. ఇప్పటి ఫోనుకీ అలా వేళ, చోటు చూసి మసలుకోవడం వచ్చు. మనమే దానికి చెప్పలేదు.

ఆండ్రాయిడ్‌లో 2024లో థెఫ్ట్ డిటెక్షన్ లాక్ వచ్చింది. ఎవరైనా ఫోను లాక్కుని పరుగెత్తినా, బండి మీద ఉడాయించినా సెన్సర్లు ఆ కుదుపును పసిగట్టి తెరకు తాళం వేస్తాయి. ప్రతిసారీ పట్టేస్తుందని చెప్పను. అయినా ఇవాళే సెట్టింగ్స్‌లో 'థెఫ్ట్' అని వెతికి ఆన్ చేసుకోండి. ఐఫోనులో అయితే ఐఓఎస్ 17.3తో వచ్చిన స్టోలెన్ డివైస్ ప్రొటెక్షన్ ఉంది. అది ఆన్‌లో ఉంటే, ఇల్లు, ఆఫీసు లాంటి అలవాటైన చోట లేనప్పుడు యాపిల్ ఖాతా పాస్‌వర్డ్ మార్చాలంటే ముఖమో వేలిముద్రో చూపించాలి, గంట ఆగి మళ్లీ చూపించాలి. భుజం మీంచి పాస్‌కోడ్ చూసేసినవాడికి ఆ పాస్‌కోడ్ ఒక్కటీ సరిపోదు. ఆ గంటలో మనం ఎంత చేసుకోవచ్చో!

ఒక్క సదుపాయం దగ్గర మాత్రం ఆగి ఆలోచించండి. ఆండ్రాయిడ్‌లో, ఇంట్లో ఉన్నప్పుడు మాటిమాటికీ లాకు అడగని ఎక్స్‌టెండ్ అన్‌లాక్ నాకూ నచ్చింది, పిండి చేతులతో వేలిముద్ర పడదు కదా. కానీ ఫోను లెక్కలో 'ఇల్లు' అంటే 80 మీటర్ల దాకా విస్తరించవచ్చు. మా అపార్ట్‌మెంటు మెట్లూ, కింద కిరాణా కొట్టూ అందులోనే! ఒంటి మీద ఉన్నప్పుడు తెరిచి ఉంచేది ఇంకొకటి ఉంది. ఆ ఒళ్లు మనదో, ఇంకొకరిదో దానికి తెలియకపోవచ్చు. రెండూ తీసేశాను.

ఫోను పోతే పోలీసు ఫిర్యాదు ఇచ్చి, ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో దాన్ని బ్లాక్ చేయించవచ్చు, డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చెయ్యాలి. బ్లాక్ చెయ్యడానికి ఫోను గుర్తింపు సంఖ్య, అంటే ఐఎంఈఐ నంబరు కావాలి. *#06# కొడితే తెర మీద వస్తుంది. మా ఇంట్లో నాలుగు ఫోన్ల నంబర్లూ పాల లెక్కల పుస్తకం చివరి పేజీలో రాసిపెట్టాను. ఐదోది ఆడపడుచు కొత్త ఫోనుది, తనే నిన్న వచ్చి రాసుకుంది.