కౌంటరు అవతల నిలబడేవాళ్లు

చిన్నీ,

టెక్కలి బ్యాంకు బ్రాంచిలో చేరావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. కస్టమర్ని చూడగానే నవ్వాలనీ, పేరు పెట్టి పలకరించాలనీ ట్రైనింగులో నేర్పారట కదా. నేర్పితే నేర్పారు గానీ, నవ్వు మీద నాకంత పట్టింపు లేదమ్మా. ఎదురుగా నిలబడ్డ మనిషికి కావలసింది తన పని ఎందుకు ఆగింది, ఎప్పటికవుతుంది, తను ఏం చెయ్యాలన్న మూడు ముక్కలు. అవి చెప్పకుండా ఎంత నవ్వినా గుండె దడ తగ్గదు.

నవంబరు వస్తే నీకే తెలుస్తుంది. కేంద్ర ప్రభుత్వ పింఛనుదార్లు బతికున్నట్టు సర్టిఫికెట్ ఇవ్వడానికి వరస కడతారు. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక వేలిముద్ర వేస్తే చాలన్నారు. ఏళ్ల తరబడి అంట్లు తోమి, కలుపు తీసిన వేళ్ల మీద గీతలెక్కడ మిగులుతాయి? మెషిన్ పట్టదు. "ముద్ర పడట్లేదు, మళ్లీ రండి" అని నువ్వు మామూలుగానే అంటావు. ఆ ముసలావిడ మాత్రం పింఛను ఆగిపోయినట్టేనని ఇంటికెళ్లి అన్నం మానేస్తుంది. "వయసొస్తే గీతలు అరుగుతాయమ్మా, మీ తప్పేం లేదు. ఫోన్లో ముఖం చూపించి చెయ్యొచ్చు, కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చినా సరే. నెలాఖరులోపు ఇచ్చేస్తే పింఛను ఆగదు" అని చెప్పు. సర్టిఫికెట్ తీసుకున్నట్టు రసీదు కూడా ఇవ్వు. అది నీ దయ కాదు, రూలే.

సర్వర్ పడుకున్న రోజు కూడా అంతే. డేవిడ్ మైస్టర్ అనే ఆయన 1985లోనే క్యూల మీద రాసిన వ్యాసంలో, కారణం తెలియకుండా ఎదురుచూస్తే అదే సమయం ఇంకా ఎక్కువగా అనిపిస్తుందన్నాడు. అరగంటకోసారి లేచి నిలబడి, ఇంకా రాలేదని చెప్పినా జనం కాస్త కుదుటపడతారు.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది చనిపోయినవాళ్ల ఖాతాల దగ్గర. భర్త పోయిన మనిషిని అద్దం వెనకనుంచి, అందరూ వింటుండగా "పోయినాయన మీకేమవుతారు?" అని గట్టిగా అడగడం ఎన్ని బ్రాంచీల్లో చూశానో. ఆవిణ్ణి లోపలికి పిలిచి కుర్చీ వెయ్యి. కావలసిన కాగితాలన్నీ ఒకేసారి రాసివ్వు. ఇవాళ డెత్ సర్టిఫికెట్, రేపు ఆధార్ జిరాక్సు, ఎల్లుండి ఫారం అంటూ తిప్పితే, వచ్చిన ప్రతిసారీ ఆయన పోయిన సంగతి కొత్తగా చెప్పుకోవాలి. నామినీ ఉంటే వారసత్వ సర్టిఫికెట్ తెమ్మని అడగకూడదు. కాగితాలన్నీ అందాక 15 రోజుల్లో తేల్చాలని రిజర్వు బ్యాంకు ఆదేశం. ఆ గడువు ఆవిడకి నోటితో చెప్పు.

మరో సంగతి. బ్యాంకులో అతి తీయని మాట వినపడేది ఇన్సూరెన్సు పాలసీ అమ్మేటప్పుడు. ఫిక్స్‌డ్ డిపాజిట్ రెన్యువల్‌కి వచ్చిన పెద్దాయన్ని "బాబాయ్" అని పిలిచి, ఏటేటా ప్రీమియం కట్టాల్సిన పాలసీ మీద సంతకం పెట్టించుకుంటారు. విసుక్కున్నవాణ్ణి ఆయన మర్నాటికి మరిచిపోతాడు గానీ, ఈ బాబాయ్ పిలుపుని ఎన్నాళ్లయినా మరిచిపోడు. నీ మీదా టార్గెట్లుంటాయి, తెలుసు. అయినా డబ్బు ఎన్నేళ్లు చేతికి రాదో ముందు చెప్పి, అప్పుడు అమ్ము.

ఇక నీ సంగతి. ఆర్లీ హాక్‌షీల్డ్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 1983లో రాసిన పుస్తకంలో నవ్వడానికి జీతం తీసుకునే విమాన పరిచారికలూ, కసరడానికి జీతం తీసుకునే బాకీ వసూలుదార్లూ ఉంటారు. లేని భావాన్ని రోజంతా మోస్తే మనిషి లోపల ఎండిపోతాడని ఆవిడ గోడు. అందుకే నవ్వు రాని రోజున నవ్వకు, ఫరవాలేదు. సంగతి మాత్రం తిన్నగా చెప్పు. ఎవరైనా నోరు పారేసుకుంటే మేనేజరుగారికి అప్పజెప్పి లోపలికెళ్లి నీళ్లు తాగు. అన్నట్టు, టెక్కలి వైపు పల్లెల్లో పెద్దవాళ్లు నిన్ను ఏకవచనంలోనే పిలుస్తారు. మన గుంటూరు చెవులతో విని చిన్నబుచ్చుకోకు.

చనిపోయినవాళ్ల ఖాతాలకి కావలసిన కాగితాల జాబితా ఇప్పుడే తెలుగులో పెద్దక్షరాలతో రాసి, జిరాక్సులు తీయించి డ్రాయరులో పెట్టుకో. ముందు ఫొటో తీసి నాకు పంపితే, తప్పులేమైనా ఉంటే దిద్ది పంపుతాను.

ఇట్లు,
పెదనాన్న